‘కీమో’ అన్న ఒక్క మాట చాలదు

(తిరుపతిలో క్యాన్సర్ రోగులు, వారి కుటుంబాల కోసం జరిగిన సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, వైద్య విద్యార్థులకు, ముఖ్యంగా పలమనేరు, పీలేరు, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపుల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రోగులకూ వారి వెంట వచ్చిన బంధువులకూ నమస్కారం. ఇమ్యునోథెరపీ అనే క్యాన్సర్ చికిత్స గురించి చెప్పడానికి చాలా ఉంది. ఈ సాయంత్రం నేను అందులో ఒక భాగమే తీసుకుంటాను. ఆ మందు పనిచేసే క్రమంలో మన రోగనిరోధక వ్యవస్థ మన అవయవాల మీదకే తిరగబడితే ఏమవుతుంది, దాన్ని ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక వైద్యం ఎలా సాగుతుంది అన్నంత వరకే నా మాట.

కొన్నేళ్ళ క్రితం చిత్తూరు దగ్గరి ఒక పల్లె నుంచి 60 దాటిన మామిడి రైతును స్ట్రెచర్ మీద మా వార్డుకు తీసుకొచ్చారు. అంతకు మూడు వారాల ముందు నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు, తిన్నది నిలవడం లేదు, మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఒకచోట గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు. మరొకచోట నీరసమని సెలైన్ ఎక్కించారు. సెలైన్ ఎక్కిన రోజున కాస్త తేరుకున్నట్టే ఉండి, మర్నాటికి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి రక్తపోటు బాగా పడిపోయి ఉంది, రక్తంలో సోడియం చాలా తక్కువగా ఉంది. ఇంతకుముందు ఏ వైద్యం జరిగిందని అడిగితే ఆయన భార్య, “ఊపిరితిత్తుల్లో గడ్డకు కీమో ఇచ్చినారు సార్, అది అయిపోయి కూడా మూడు నెలలయింది” అన్నది. నేను కేసు షీటులో ‘కీమో’ అని రాసుకున్నాను. కీమో అయిపోయి మూడు నెలలయిన మనిషికి వాంతులూ బలహీనతా వస్తే, క్యాన్సర్ మెదడుకు పాకిందేమో, ఏదైనా ఇన్ఫెక్షనేమో అని ఆలోచిస్తాము. నేనూ అదే ఆలోచించి, ఆ పరీక్షలతోనే రెండు రోజులు గడిపాను. మూడో రోజున ఆయన కోడలు ఇంటికి వెళ్ళి పాత కాగితాల సంచి తెచ్చింది. అందులో పెంబ్రోలిజుమాబ్ అన్న ఇమ్యునోథెరపీ మందు పేరు ఉంది. ఆ పేరు చూశాక చేయవలసిన పరీక్ష ఏమిటో తెలిసింది. రక్తపోటును నిలబెట్టే కార్టిజాల్ అనే హార్మోన్ ఆయన రక్తంలో దాదాపు లేనట్టే ఉంది. దాని లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టిన మర్నాటి ఉదయం ఆయన లేచి కూర్చుని, ఇంటి నుంచి రాగి సంగటి తెప్పించమని అడిగాడు.

ఆ రెండు రోజులు నా వల్ల పోయినవి. ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. సెలైన్ స్టాండుకు వేలాడి చుక్కచుక్కగా నరంలోకి దిగే ప్రతి క్యాన్సర్ మందునూ మన ప్రాంతంలో కీమో అనే అంటారు. మందు పేరు అడగవలసినది నేను. ఆ రోజు నుంచి నేను ఎక్కడ మాట్లాడినా మొదట చెప్పే సంగతి ఇదే: కీమోథెరపీ వేరు, ఇమ్యునోథెరపీ వేరు. వాటి కష్టాలు వేరు, ఆ కష్టాలకు చేసే వైద్యమూ వేరు.

ఎందుకు వేరో తెలియాలంటే ఆ మందు చేసే పని ఏమిటో కొంచెం తెలియాలి. కీమో మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలను నేరుగా చంపుతాయి. క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు కుదుళ్ళు, నోటి పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతినేది అందుకే. నేను చెబుతున్న ఇమ్యునోథెరపీ మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. అది మన రక్తంలోని టీ కణాలకు ఉన్న ఒక అడ్డును తొలగిస్తుంది. శరీరంలోకి వచ్చిన పరాయి దాన్ని గుర్తించి దాడి చేయడం టీ కణాల పని. ఆ దాడి మితిమీరకుండా, మన సొంత కణజాలం మీదకు మళ్ళకుండా ఆపడానికి వాటి ఉపరితలం మీద కొన్ని ప్రొటీన్లు ఉన్నాయి. సీటీఎల్ఏ-4 ఒకటి, పీడీ-1 మరొకటి. తిరుమల కొండ దిగే బస్సును తలుచుకోండి. ఆ మలుపుల్లో బస్సును కాపాడేది ఇంజను బలం కాదు, బ్రేకు. సీటీఎల్ఏ-4, పీడీ-1 టీ కణాలకు అలాంటి బ్రేకులు. క్యాన్సర్ గడ్డ చేసే మోసం ఏమిటంటే, తన మీదకు వచ్చిన టీ కణం బ్రేకును అదే నొక్కిపెట్టి నిలిపివేస్తుంది. ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకును పట్టు తప్పిస్తుంది. అప్పుడు టీ కణం కదిలి గడ్డ మీద పడుతుంది.

ఈ ఆలోచన వెనుక ఎన్నో ఏళ్ళ శ్రమ ఉంది. జపాన్‌లో తసుకు హోంజో ప్రయోగశాల 1992లో పీడీ-1ను కనుగొన్నది. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ బృందం సీటీఎల్ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరిగిపోతాయని 1996లో ప్రచురించింది. వీటిలో మొదటి మందు, సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ఇపిలిముమాబ్‌కు 2011లో, పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆలిసన్‌కూ హోంజోకూ కలిపి 2018లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచే ఘట్టం 1995 నాటిది. పుట్టుకతోనే సీటీఎల్ఏ-4 లేకుండా చేసిన ఎలుకపిల్లలు మూడు నాలుగు వారాల్లోనే చనిపోయాయి. అడ్డూ ఆపూ లేక పెరిగిన రోగనిరోధక కణాలు వాటి గుండెలోకీ, ఇతర అవయవాల్లోకీ చొచ్చుకుపోయాయి. పీడీ-1 లేని ఎలుకల్లో కొన్ని జాతులకు, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ వంటి జబ్బు, మరికొన్ని జాతులకు గుండె కండరం జబ్బు వచ్చాయి. ఈనాడు మనం రోగుల్లో చూస్తున్న దుష్ప్రభావాలను ఆ ఎలుకలు ముందే చూపించాయి. బ్రేకు తీసిన బస్సు గడ్డ వైపే వెళ్ళి ఆగాలన్న నియమం లేదు.

ఎంతమందికి వస్తాయని మీరు అడుగుతారు. అది ఏ మందు, ఒకటా రెండా అన్నదాని మీద ఆధారపడుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో చికిత్స వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చినవారు సుమారు 16 శాతం, ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో సుమారు 27 శాతం, రెండూ కలిపి తీసుకున్నవారిలో 55 శాతం. ప్రాణాపాయం మాత్రం అరుదు. 2018లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కవేసినప్పుడు, పీడీ-1 వర్గం మందులు తీసుకున్న వెయ్యి మందిలో నలుగురి కంటే తక్కువ మంది, రెండు వర్గాలూ కలిపి తీసుకున్న వెయ్యి మందిలో సుమారు పన్నెండు మంది దుష్ప్రభావాల వల్ల మరణించారని తేలింది. ఈ అంకెలు విని ఎవరూ మందు మానుకోకూడదు. ఒకప్పుడు నెలల్లో లెక్కపెట్టుకున్న ఆయుష్షును ఈ మందు కొందరికి ఏళ్ళకు పొడిగించింది. దుష్ప్రభావం పెద్దదయ్యాక కంటే చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే చికిత్స తేలిక కాబట్టి వీటి గురించి చెబుతున్నాను.

ఇక చర్మం సంగతి. దురద, ఎర్రటి దద్దుర్లు చాలామందికి మొదటి కొన్ని వారాల్లోనే వస్తాయి, ఎక్కువ భాగం పూత మందులతో సర్దుకుంటాయి. మెలనోమా రోగుల్లో కొందరికి బొల్లి మచ్చలు వస్తాయి. అవి వచ్చినవారిలో మందు బాగా పనిచేసిన సందర్భాలు ఎక్కువని గమనించారు. చర్మం బొబ్బలెక్కినా, నోట్లో పుండ్లు పడినా మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

పేగుల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన ఇళ్ళలో విరేచనాలను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. మజ్జిగన్నం తింటే తగ్గిపోతుందనుకుంటారు, లేదా మందుల షాపులో ఒక లోపరమైడ్ మాత్ర కొనుక్కుంటారు. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న మనిషికి రోజూ ఉండే దానికంటే నాలుగు సార్లు ఎక్కువగా విరేచనాలవుతుంటే, కడుపులో నొప్పి ఉంటే, రక్తమో జిగురో పడుతుంటే, టీ కణాలు పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీస్తున్నాయేమోనని అనుమానించాలి. ఆ స్థితిలో లోపరమైడ్ విరేచనాలను ఆపినట్టు కనిపిస్తుంది గాని లోపలి వాపు అలాగే పెరుగుతూ ఉంటుంది. ఆలస్యం చేస్తే పేగు చిల్లుపడే ప్రమాదం కూడా ఉంది. సరైన సమయానికి, టీ కణాల దాడిని అణచే స్టెరాయిడ్ మొదలుపెడితే చాలామందిలో కొద్ది రోజుల్లోనే అదుపులోకి వస్తుంది. అలా తగ్గనివారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్ వంటి మందులు ఉన్నాయి.

కాలేయానికి వాపు వస్తే మొదట్లో మనిషికి ఏమీ తెలియదు, రక్త పరీక్షలోనే బయటపడుతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు రక్తం ఇమ్మంటారు. డబ్బు దండగని ఆ పరీక్షను దాటవేయకండి. పచ్చకామెర్లు కనబడితే మన వైపు ఆకు పసరుకు వెళ్ళే అలవాటు ఉంది. ఈ రోగులు దయచేసి వెళ్ళవద్దు. ఇంకొక మాట. కోవిడ్ తరువాత ఇమ్యూనిటీ పెరుగుతుందని తిప్పతీగ కషాయం తాగడం ఇంటింటా అలవాటైంది. అది వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలను మన దేశపు కాలేయ వైద్యులే ప్రచురించారు. రోగనిరోధక శక్తిని కావాలని రెచ్చగొట్టే మందు నరంలోకి వెళ్తున్న రోజుల్లో దానికి తోడు ఇలాంటిది మరొకటి తాగడం ఎంత మాత్రమూ క్షేమం కాదు. కాలేయం చెడితే కారణం ఏదో తేల్చుకోవడమూ కష్టమవుతుంది.

గ్రంథుల దగ్గరికి వస్తాను. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. థైరాయిడ్ గ్రంథి మీద దాడి జరిగినప్పుడు మొదట కొన్ని వారాలు గుండెదడ, చెమటలు, బరువు తగ్గడం ఉండవచ్చు, ఆ తరువాత గ్రంథి ఉడిగిపోయి నిద్రమత్తు, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం మొదలవుతాయి. దీనికి రోజూ పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర చాలు, ఇమ్యునోథెరపీ కూడా కొనసాగించవచ్చు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి దెబ్బతింటే మాత్రం వ్యవహారం వేరు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కార్టిజాల్ తయారుచేయమని సంకేతం పంపేది పీయూష గ్రంథే. ఆ సంకేతం ఆగితే మనిషి నీరసపడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, ఒక చిన్న జ్వరానికే ప్రాణాపాయంలో పడతాడు. నేను చెప్పిన మామిడి రైతుకు జరిగింది ఇదే. ఇక్కడ సభలో ఉన్న వైద్య విద్యార్థులకు ఒక సంగతి చెప్పాలి. థైరాయిడ్, కార్టిజాల్ రెండూ తక్కువగా ఉన్న రోగికి ముందు కార్టిజాల్ లోటు తీర్చి ఆ తరువాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. వరస తప్పితే థైరాయిడ్ మాత్ర మిగిలిన కాస్త కార్టిజాల్‌నూ ఖర్చుచేయించి రోగిని కుప్పకూలుస్తుంది. ఇలాంటి రోగులు చాలావరకు జీవితాంతం హైడ్రోకార్టిసోన్ వాడవలసి ఉంటుంది. జ్వరం వచ్చిన రోజున డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మోతాదు పెంచుకోవాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి రావాలి.

షుగరు విషయం కూడా ఇటువంటిదే. మన జిల్లాల్లో షుగరు లేని ఇల్లు అరుదు కాబట్టి, క్యాన్సర్ రోగికి షుగరు పెరిగిందంటే ఎవరూ ఆశ్చర్యపడరు, మాత్రలు పెంచి ఊరుకుంటారు. ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే షుగరులో క్లోమంలోని ఇన్సులిన్ కణాలు రోజులు, వారాల వ్యవధిలోనే నశించిపోతాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, ఆయాసంతో కూడిన శ్వాస, ఆ తరువాత స్పృహ తప్పడం ఇంత వేగంగా వస్తాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అప్పటికి పెద్దగా పెరగకపోవచ్చు, అది చూసి మోసపోకూడదు. దీనికి మాత్రలు పనిచేయవు, స్టెరాయిడ్ కూడా పనిచేయదు, ఇన్సులిన్ ఒక్కటే మార్గం. శాతాల్లో చూస్తే ఇది చాలా అరుదు. ఆ అరుదైన మనిషి మన ఇంట్లోవాడైతే శాతాలతో పని లేదు కదా.

ఊపిరితిత్తుల వాపును పొడి దగ్గు, నడిస్తే ఆయాసం రూపంలో చూస్తాము. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో ఇది గడ్డ పెరగడమా, న్యుమోనియానా, క్షయా, మందు దుష్ప్రభావమా అన్నది సీటీ స్కాన్, కళ్ళె పరీక్షలు లేకుండా తేలదు. నిన్న ఎక్కిన మేడ మెట్లు ఇవాళ ఎక్కలేకపోతున్నాడంటే, అదే చాలు, రావాలి.

గుండె కండరం వాపు నన్ను అన్నిటికంటే భయపెడుతుంది. వందలో ఒకరికో, అంతకంటే తక్కువ మందికో వస్తుంది, చాలావరకు మొదటి మూడు నెలల్లోపు వస్తుంది. 2018 నాటి ఆ లెక్కల్లోనే, గుండె వాపు వచ్చినట్టు నమోదైనవారిలో పది మందికి దాదాపు నలుగురు చనిపోయారు. కొందరిలో దీనికి తోడుగా కండరాల వాపు, నరాల సంకేతం కండరాలకు సరిగా అందని మయస్థీనియా అనే జబ్బు కూడా వస్తాయి. కనురెప్పలు వాలిపోవడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, మింగలేకపోవడం, తల నిలబెట్టలేకపోవడం, ఛాతీలో బరువు, ఉన్నట్టుండి ఆయాసం, వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగవద్దు. కళ్ళ డాక్టరు దగ్గరికి అద్దాల కోసం వెళ్ళి ఆలస్యం చేసుకున్నవారిని నేను చూశాను.

కీళ్ళ నొప్పుల గురించి ఒక్క మాట. పుత్తూరు కట్టుకు దక్షిణాది అంతటా పేరుంది, ఎముక విరిగినవారు దూరాల నుంచి వస్తారు. కానీ ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే కీళ్ళ వాపు ఎముక దెబ్బ కాదు, దానికి కట్టు పనికిరాదు. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుని గంటసేపటి దాకా వదలకపోతే డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ ఎప్పుడు వస్తాయన్న ప్రశ్నకు జవాబుగా, చర్మం ముందు, పేగులూ కాలేయమూ ఆ తరువాత, గ్రంథులు ఇంకా తరువాత అని స్థూలంగా చెప్పవచ్చు. ఆ వరస తప్పకూడదన్న నియమం ఏమీ లేదు. ఆ రైతు కొడుకు నన్ను ఒక ప్రశ్న అడిగాడు: “మందు ఆపి మూడు నెలలయింది గదా సార్, ఇంకా ఒంట్లో యాడుంటుంది?” సరైన ప్రశ్నే. పెంబ్రోలిజుమాబ్ వంటి పీడీ-1 మందులు రక్తంలో సగానికి తగ్గడానికే మూడు వారాల పైన పడుతుంది. టీ కణాలను అంటిపెట్టుకుని అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. మందు పూర్తిగా పోయాక కూడా, ఒకసారి దారి నేర్చిన టీ కణం ఆ దారిని మరిచిపోదు. అందువల్ల ఆఖరి డోసు తరువాత ఏడాది గడిచినా కొత్తగా వచ్చిన లక్షణాన్ని ఈ కోణం నుంచి కూడా చూడాలి.

చికిత్స గురించి. లక్షణం స్వల్పంగా ఉంటే చాలా సందర్భాల్లో మందు కొనసాగిస్తూనే కనిపెట్టి ఉంటాము. మధ్యస్థంగా ఉంటే ఇమ్యునోథెరపీ మందును తాత్కాలికంగా ఆపి, అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తాము. తీవ్రంగా ఉంటే రోజుకు కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల లెక్కన ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ లేదా దానికి సమానమైన ఇంజెక్షన్ మొదలుపెడతాము. గుండె విషయంలో అంతకంటే చాలా ఎక్కువ మోతాదు కావాలి. తగ్గిన తరువాత నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం తీసుకుని మెల్లమెల్లగా దించుతాము. ఇంటికి వెళ్ళాక ముఖం ఉబ్బిందనో, బాగయిందనో మధ్యలో ఆపేస్తే వాపు తిరగబెడుతుంది, అడ్రినల్ కూడా మొరాయిస్తుంది. స్టెరాయిడ్ అంటే మన జనానికి ఉన్న భయం నాకు తెలుసు. దుష్ప్రభావాన్ని తగ్గించడానికి ఇచ్చిన స్టెరాయిడ్ వల్ల క్యాన్సర్ మీద సాధించిన ఫలితం పోతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. మన దేశంలో మాత్రం ఒక జాగ్రత్త అదనంగా కావాలి. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ, హెపటైటిస్ బి స్టెరాయిడ్‌తో, ఇంకా ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో మేల్కొనే ప్రమాదం ఉంది. కనుక ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. రుమటాయిడ్, సోరియాసిస్, లూపస్ వంటివి ముందు నుంచీ ఉంటే అవీ చెప్పాలి, ఎందుకంటే ఈ మందుతో అవి మళ్ళీ రేగవచ్చు.

ఇంతకాలం ఈ మందులు ఖర్చు భరించగలిగిన కొద్దిమందికే అందేవి. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగులకు మాత్రల చికిత్సతో పాటు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. ఏడాది తరువాత బతికి ఉన్నవారు మాత్రలు మాత్రమే వాడినవారిలో 16 శాతం, ఈ కొద్ది మోతాదు కలిపినవారిలో 43 శాతం. పొగాకు, వక్కాకు వల్ల నోటి క్యాన్సర్లు ఇంత ఎక్కువగా ఉన్న మన దేశానికి ఇది చిన్న విషయం కాదు. ఇకమీదట ఈ మందు తీసుకున్నవారు తిరుపతిలోనో వెల్లూరులోనో పెద్ద ఆసుపత్రి పక్కన ఉండరు. సోమల, కుప్పం, సత్యవేడు వైపు పల్లెల్లో ఉంటారు, రాత్రి పూట విరేచనాలు పట్టుకుంటే ముందు ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తారు. మోతాదు తక్కువ గనుక దుష్ప్రభావం రాదని ఆయన గాని మీరు గాని అనుకోకూడదు, ఎందుకంటే పీడీ-1 బ్రేకును తప్పించడానికి కొద్దిపాటి మోతాదే చాలు.

అందుకని మిమ్మల్ని కోరేది ఒకటి ఉంది. ద్వారం దగ్గర బల్ల మీద అట్ట కార్డులు పెట్టించాను. రోగి పేరు, ఇమ్యునోథెరపీ మందు పేరు, మొదటి డోసు తేదీ, ఆఖరి డోసు తేదీ, చికిత్స చేసే డాక్టరు ఫోన్ నంబరు రాయడానికి అందులో జాగా ఉంది. మందు పేరు మీరు రాయవద్దు, తప్పు పడుతుంది. వచ్చే డోసుకు వెళ్ళినప్పుడు నర్సు చేత గాని డాక్టరు చేత గాని రాయించుకోండి. చికిత్స అయిపోయినవారు పాత డిశ్చార్జి కాగితం చూపించి రాయించుకోవచ్చు. ఇంటికి రెండు తీసుకోండి. ఒకటి రోగి చొక్కా జేబులోనో పర్సులోనో ఉండాలి, రెండోది రాత్రివేళ ఆసుపత్రికి వెంట వెళ్ళేవారి దగ్గర ఉండాలి.